ముక్కు మీద కొబ్బరికాయ

"ముక్కు మీదే కొట్టాల. మా తాత కట్టుమరం కాడ్నుంచి మొన్న నాను దిగిన మరబోటు దాకా అన్నిటికీ ముక్కు మీదే కొట్టినాం. దీనికి మాత్రం సక్రం కిందెట్టీడవేటి? ఇదేటి, అద్దె ఆటోవా?"

గంగులు పొద్దున్న ఆరింటి నుంచీ ఆ మాట మీదే ఉన్నాడు. ఇప్పుడు ఏడున్నరయింది. స్నానం చేశాడు, కొత్త పంచె కట్టాడు, రెండుసార్లు కాఫీ తాగాడు, మాట మాత్రం వదల్లేదు. ఒళ్లో పసుపు రాసిన కొబ్బరికాయ ఉంది.

"ముందు కొనాల కదేటి కొట్టడానికి!" అంది వదినగారు నారాయణమ్మ, వక్క నోట్లో వేసుకుంటూ. "ఇంకా బేరవే తెగలేదు, కాయట్టుకు బయల్దేరతన్నాడు. పెళ్లిసూపులకి తాళిబొట్టు జేబులో ఎట్టుకెల్లినట్టు."

"అమ్మా, సిన్నాన్నా, ఇద్దరూ ఊరుకోండి," అన్నాడు హరిబాబు అద్దం ముందు నుంచి. మూడో చొక్కా మారుస్తున్నాడు. "కారుకేటి సేసినాం? సక్రాల కింద నిమ్మకాయలు. దీనికీ అంతే. ముక్కు జోలికి ఎల్లకు సిన్నాన్నా, అది సున్నితం."

"ముక్కు సున్నితమైతే గాల్లోకి ఏటెల్తాది?" అన్నాడు గంగులు.

హరిబాబు భార్య తులసి ఎవరి పక్షానా మాట్లాడలేదు. వంటింట్లో నిలబడి చేపల పులుసు క్యారేజీలోకి సర్దుతోంది. కిందటి వారం ఆమె అన్న ఒకే ఒక్క మాట వల్ల ఈ ఇంట్లో ఇంత హడావుడి. ఇంకో మాట అంటే ఏమవుతుందో అని ఆమెకే భయంగా ఉంది.

ఆ మాట ఇదీ. పేటలో చేపలు పట్టినవాడి కొడుకు హరిబాబు రొయ్యల ఎగుమతిలో పైకొచ్చాడు. విజయనగరంలో మేడ కట్టాడు. ఇప్పుడు ఎనిమిది సీట్ల విమానం కొంటానంటున్నాడు. కొత్తది కాదు, పద్దెనిమిదేళ్ల పాతది. కొత్తదాని ధరలో పదోవంతు కూడా లేదని, ఇంతకంటే మంచి బేరం మళ్లీ దొరకదని బ్రోకరు అప్పలసూరి చెవిలో పోరుతున్నాడు. కాని డబ్బు కావాలంటే పూసపాటిరేగ తీరంలో ఉన్న రొయ్యపిల్లల హేచరీని తాకట్టు పెట్టాలి. హేచరీ తులసి పేరున ఉంది. పేరుకే కాదు, పనికీ ఆమెదే. హుద్‌హుద్ తుఫానులో రేకులన్నీ లేచిపోతే నిలబడి మళ్లీ కప్పించింది ఆమే. కిందటి శనివారం ఇంటిల్లిపాది ముందూ హరిబాబు కాగితాలూ పెన్నూ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె పెన్నుకి మూత పెట్టి, "సూడకుండా సీర కూడా కొనను బావా. ఇమానం సూసొచ్చాక సెప్తాను," అంది.

ఆ చూడ్డం ఈ రోజు. సాయంత్రం ఆరింటికి అప్పలసూరికి ఏ సంగతీ చెప్పాలి.

క్యారేజీ మూత బిగించి తులసి హాల్లోకి వచ్చింది. గోడ మీది కేలండరు ఎప్పటిలాగే వెనక్కి తిప్పి ఉంది. దాని వెనక హరిబాబు ఎర్ర స్కెచ్ పెన్నుతో ఎనిమిది పేర్లు రాసుకున్నాడు, తిరుపతికి మొదటి ప్రయాణం చేసేవాళ్లవి. ఎనిమిదో పేరు మూడుసార్లు కొట్టేసి రాశాడు, ఏ చుట్టానికి కోపమొస్తుందోనని. ఆ ఎనిమిదింటిలో తులసి పేరు లేదు. అడిగితే, "నువ్వు హేచరీ వొగ్గీసి రావు కదే!" అన్నాడు, నిజంగానే ఆశ్చర్యపోతూ.

---

పార్వతీపురం దాటి రాయగడ దారిలో, ఓ ఫ్యాక్టరీ వాళ్లు ఎప్పుడో వేయించుకున్న రన్‌వే ఉంది. వీళ్ల కారు వెళ్లేసరికి దాని మీద మేకలు మేస్తున్నాయి. వాచ్‌మన్ కర్ర పట్టుకుని వాటి వెంట పరిగెడుతున్నాడు. రేకుల షెడ్డు నీడలో విమానం ఉంది.

తెల్లగా ఉంది. పొట్ట పక్కన నీలం గీత. కొత్త రంగు వాసన ఇంకా పోలేదు. ఇంత చిన్నదా అనుకుంది తులసి మొదట. దగ్గరికి వెళ్లాక, ఇంత పెద్దదా అనిపించింది.

అప్పలసూరి టై కట్టుకుని, నల్ల కళ్లజోడు పెట్టుకుని ఎదురొచ్చాడు. "రండి మేడమ్. సింగిల్ హ్యాండ్ మేడమ్. ఓనర్ గారు ఎంతో అపురూపంగా వాడారు. మొదట్నుంచీ నాగపూర్ వైపే ఉంది. పొడి ప్రదేశం. చెమట కూడా పట్టని విమానం మేడమ్ ఇది."

నారాయణమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసింది. "నువ్వు కొత్తవలస కాడ పాత లారీలు అమ్మినోడివి కాదేటి?"

"అది... అప్పుడమ్మా," అన్నాడు అప్పలసూరి. కళ్లజోడు సర్దుకున్నాడు.

షెడ్డులో అప్పటికే జ్ఞానానందం గారున్నారు. విమానాల పొట్టల కింద ముప్ఫయ్యయిదేళ్లు పని చేసి రిటైరైన ఇంజనీరు. విజయనగరంలో బాప్టిస్టు చర్చి వెనక వీధిలో ఉంటారు. కొనే ముందు విమానాన్ని పరీక్ష చేసి చెప్పమని హరిబాబే ఆయన్ని పెట్టుకున్నాడు. రెండు రోజులుగా సన్నటి కెమెరా తీగ దూర్చి ఇంజన్ల లోపలంతా చూశారు. ఈ రోజు మిగతాది. రేపు ఆదివారం కాబట్టి ఈ రోజే ముగించాలన్నారు.

"ఇంజన్లు బాగున్నాయి," అన్నారాయన హరిబాబుతో. "కాని విమానం చరిత్రంతా పుస్తకాల్లో రాసి ఉంటుంది. నాలుగు పుస్తకాలుండాలి. మూడోది కనబడటం లేదు."

"కొరియర్‌లో వస్తోంది సార్," అన్నాడు అప్పలసూరి.

"మొన్నా అదే అన్నావు నాయనా."

లోపలికి ఎక్కారు. ఎనిమిది తెల్ల తోలు సీట్లు ఎదురెదురుగా ఉన్నాయి. హరిబాబు ఒకదాంట్లో కూర్చున్నాడు. అతని ముఖం చూసి తులసికి నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. పెళ్లినాడు పల్లకీలో కూడా అంత వెలగలేదు ఆ ముఖం. గంగులు నడుం వంచి కాసేపు తిరిగి, "పడుకోడానికి జాగా లేదు గాని బాగానే ఉన్నాది," అని దిగిపోయాడు. నారాయణమ్మ సీటు తోలు వేళ్లతో నలిపి చూసింది. హరిబాబు ఫొటోల మీద ఫొటోలు తీసుకుంటున్నాడు.

తులసి మాత్రం చివరికంటా నడిచి, తిరిగి వస్తూ చేత్తో కొలుస్తోంది. ఇటుపక్క సీటుకీ అటుపక్క సీటుకీ మధ్య మూర. తలుపు వెడల్పు మూరన్నర మీద బెత్తెడు. హేచరీలో తొట్లూ పెట్టెలూ అన్నీ ఆమె చేతి కొలతలే. ఇక్కడెందుకు కొలుస్తోందో మాత్రం ఆమెకే తెలియలేదు.

వాళ్లు కిందికి దిగేసరికి జ్ఞానానందం గారు విమానం ముందు నిలబడి ఉన్నారు. టోపీ తీసి, చేతులు కట్టుకుని, కళ్లు మూసుకున్నారు. స్క్రూడ్రైవరు పట్టే ముందు ప్రతిసారీ ఆయన అలా ఒక్క నిమిషం ప్రార్థన చేసుకుంటారు. అందరూ మాట్లాడకుండా ఆగారు. గంగులు కూడా ఎంతో భక్తిగా, కొబ్బరికాయ పట్టుకుని, ఆయన పక్కనే నిలబడ్డాడు.

"ఆమెన్," అని ఆయన టోపీ పెట్టుకున్నారు.

ఆయన దేవుడి వంతు అయిపోయిందని గంగులు అర్థం చేసుకున్నాడు. ఇక తమ గంగమ్మ తల్లి వంతు.

"తల్లీ గంగమ్మా!" అన్న కేక, వెనకే డొల్ల డ్రమ్ము మీద గుద్దినట్టు ధబ్బుమన్న చప్పుడు.

కాయ పగల్లేదు. విమానం ముక్కు పగిలింది.

ముక్కు కొసకి కాస్త పైన అరచేయంత మేర లోపలికి నొక్కుకుపోయి, చుట్టూ సన్నటి బీటలు పాకాయి. దాని మీద పసుపు మరక. గంగులు చేతిలోని కాయని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"ఇదేటి, ఇనుం కాదా? డొల్లగా ఉన్నాదేటి?" అన్నాడు.

"సిన్నాన్నా!" హరిబాబు ఒక్క అంగలో ముక్కు దగ్గరికి వచ్చాడు.

"ముక్కు తొడుగండీ అది. ఫైబర్," అన్నారు జ్ఞానానందం గారు నెమ్మదిగా. "వెనకాల రాడార్ ఉంటుంది. ముందున్న మేఘాలు చూసేది. ఇనుముతో చేస్తే దానికేమీ కనబడదు."

అప్పలసూరి రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. తర్వాత ఒక చెయ్యి దించాడు. తర్వాత రెండోదీ దించాడు. అతని ముఖంలో ఏదో తెలివి వెలగడం తులసి స్పష్టంగా చూసింది.

"సరే సార్, జరిగిందేదో జరిగింది," అన్నాడు బ్యాగులోంచి కాగితాలు తీస్తూ. "కాయ కొట్టేశారంటే ఇంక విమానం మీదే. ఓనర్ గారికి నేనేం చెప్పను? ఈ ముక్కు ఒక్కదానికే ఎంతవుతుందో మీకు తెలుసా? విదేశాల నుంచి రావాలి. సంతకం పెట్టేస్తే అంతా మనలో మనం సర్దుకుందాం. మేడమ్, ఇక్కడ, ఈ కింద."

పెన్ను మూత కూడా అతనే తీసి తులసి చేతికి అందించాడు.

హరిబాబు సిగ్గుతో తల వంచుకున్నాడు. "అందరిముందూ పరువు పోనాది తులసీ," అన్నాడు చిన్నగా. "పెట్టీయకూడదా?"

తులసి పెన్ను వైపు చూసింది. ఈ పెన్ను పట్టుకుంటే హేచరీ వెళ్లిపోతుంది. పట్టుకోకపోతే పరాయివాళ్ల వస్తువు పగలగొట్టి పారిపోయినవాళ్లవుతారు. పేటలో ఒకరి పడవకి తెడ్డు తగిలి గీత పడినా, రాత్రికి రాత్రి వెళ్లి బాగు చేసి వచ్చే ఇల్లు వాళ్లది.

"ముందు తొడుగు విప్పి చూడాలమ్మా," అన్నారు జ్ఞానానందం గారు. "లోపల దేనికైనా దెబ్బ తగిలిందేమో."

"అబ్బెబ్బే, ఎందుకు సార్! విప్పక్కర్లేదు!" అన్నాడు అప్పలసూరి గబగబా. "పైపైనే తగిలింది. చిన్న అతుకు వేస్తే సరిపోద్ది."

తులసి తలెత్తింది. ఒక్క క్షణం కిందట విదేశాల నుంచి రావాల్సిన ముక్కుకి ఇప్పుడు చిన్న అతుకు సరిపోతుందట. రొయ్యల కొనుగోలుదార్లతో పదిహేనేళ్లు బేరాలాడిన మనిషి ఆమె. ఐసు పెట్టె మూత తీయనివ్వని వాడి సరుకు ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు.

"ఇప్పండి మాస్టారూ," అంది.

పన్నెండు స్క్రూలు ఒక్కొక్కటే ఊడాయి. ఆఖరిది ఊడేదాకా అప్పలసూరి టై ముడి వదులు చేసుకుంటూనే ఉన్నాడు. జ్ఞానానందం గారూ వాచ్‌మనూ కలిసి తొడుగు పక్కకి దించారు. లోపల కంచంలాంటి రాడార్ పళ్లెం చెక్కుచెదరకుండా ఉంది. గంగులు "అమ్మయ్య," అని కాయని కళ్లకద్దుకున్నాడు.

కాని జ్ఞానానందం గారు పళ్లెం చూడటం లేదు. దాని వెనక గోడని చూస్తున్నారు. అక్కడ కూడా కొత్త రంగే. ఆ రంగు మాత్రం పొక్కులు పొక్కులుగా లేచి ఉంది.

"ఏదీ, జరగండి," అంటూ నారాయణమ్మ వచ్చింది. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని మెడ చాచి లోపలికి చూసింది. చెయ్యి పెట్టి బొటనవేలి గోటితో ఒక పొక్కుని గీకింది. రంగు పెచ్చు రాలింది. కింద తెల్లటి పొడి. దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి, వెలుతురులో చూసింది.

"ఇది సత్తే కదా బాబూ?" అని అడిగింది జ్ఞానానందం గారిని.

"అవునమ్మా. అల్యూమినియమే."

"ఇరవయ్యేళ్లు సత్తు బేసిను నెత్తినెట్టుకుని సేపలమ్మినాను. పైకి తళతళా మెరుస్తాది. ఉప్పునీల్లు కారి కారి అడుగున ఇలాగే తెల్లపిండి అట్టీది. గోటితో గీకితే గుంట. మూడు వానల్లో బొక్క." ఆమె అప్పలసూరి వైపు తిరిగింది. కోపం లేదు, నిజంగా తెలుసుకుందామన్నట్టే అడిగింది. "ఒరే సూరీ, నాగపూర్లోకి సముద్రం ఎప్పుడొచ్చిందిరా?"

అప్పలసూరి కళ్లజోడు తీశాడు. దాంతో పాటే ఆ బ్రోకరు భాష కూడా ఊడి పడింది.

"నానేటి సేసీదమ్మా! కోర్టు గొడవలో పడి మూడేళ్లు సముద్రం ఒడ్డునే ఉండిపోనాది. ఆ మూడో పుస్తకం నిండా అదే రాసుంది. సూపిస్తే ఎవులు కొంతారు? ఓనరు సెప్పొద్దన్నాడు. నా కూతురు మీదొట్టు, ఇంజన్లు మాత్రం నికార్సు..."

"ఇంజన్ల సంగతి నేను చెప్పాను," అన్నారు జ్ఞానానందం గారు. "నీ కూతుర్ని ఇందులోకి తేకు."

వాచ్‌మన్ నవ్వు ఆపుకోలేక మేకల వైపు వెళ్లిపోయాడు. గంగులు ఛాతీ విరుచుకున్నాడు. "నాను కొట్టబట్టే కదా తెలిసింది! ముక్కు మీదే కొట్టాలని పొద్దున్నుంచీ మొత్తుకుంతన్నాను!" అన్నాడు.

హరిబాబు ఒక్కడే నవ్వలేదు. చక్రానికి అడ్డం పెట్టిన దుంగ మీద కూలబడ్డాడు. "వొద్దులే తులసీ. ఆ కాగితాలు ఇచ్చీ," అన్నాడు. ఆమెని నిందిస్తున్నట్టు లేదు, అలిగినట్టూ లేదు. సంతలో బొమ్మ చేతిలోంచి జారిపోయిన పిల్లాడిలా ఉన్నాడు.

తులసి వారం రోజులుగా ఎదురుచూసిన మాట అది. వినగానే గుండె మీద బరువు దిగాలి కదా. దిగలేదు. ఆమె చేతిలో ఇంకా ఆ కొలత ఉంది. మూరన్నర మీద బెత్తెడు.

ఆమె జ్ఞానానందం గారి దగ్గరికి నడిచింది. "ఇది బాగవుతాదా మాస్టారూ?"

ఆయన లోపలికి టార్చి వేసి, చాలాసేపు అక్కడక్కడా గీకి చూశారు. "ఉప్పు లోతుగా తినలేదమ్మా. ఇంకో రెండు వానాకాలాలు ఇలాగే రంగు కింద దాచి ఉంటే చెప్పలేకపోయేవాణ్ని. మిగతా పొట్టంతా కూడా విప్పి చూడాలి. కాని నాకు కనబడినంతలో, గీకి, మందు పూసి, రెండు మూడు రేకులు మారిస్తే నెలన్నరలో ఎగురుతుంది. బండి మంచిదే. సాకినవాళ్లే సరిగ్గా సాకలేదు."

"ఇంకో మాట. ఆ సీట్లు ఊడతాయా?"

ఆయన ఆమె వైపు వింతగా చూశారు. తర్వాత మెల్లగా నవ్వారు. "ఊడతాయమ్మా. కాగితాల మీద అనుమతి తెచ్చుకోవాలి. అది నేను చూసుకోగలను."

---

తిరుగు ప్రయాణంలో కారులో పులుసు ఎవరూ ముట్టుకోలేదు. పగలని కొబ్బరికాయ గంగులు ఒళ్లో ఊగుతోంది.

తులసి కిటికీలోంచి చూస్తూ కిందటి మే నెల గురించి ఆలోచించింది. పిల్లల్ని పెట్టే తల్లి రొయ్యలు విదేశాల నుంచి మద్రాసుకి వస్తాయి. అక్కడ పరీక్షలయ్యాక హేచరీకి రావాలి. ఆ రోజు విమానం కార్గోలో జాగా దొరకలేదని పెట్టెలు నాలుగు గంటలు ఎండలో ఉండిపోయాయి. నాలుగు వందల తల్లుల్లో రెండు వందల డెబ్బయ్ చచ్చి వచ్చాయి. ఇసకలో గొయ్యి తవ్వించి పూడ్పించింది. ఆ సాయంత్రం తొట్ల వెనక కూర్చుని ఏడ్చిన సంగతి హరిబాబుకి కూడా తెలియదు. ఆ తీరంలో ఏ హేచరీ వాళ్లని అడిగినా అలాంటి గొయ్యి ఒకటి చూపిస్తారు.

ఇంటికి వస్తూనే పెరట్లోకి వెళ్లి మూడు ఫోన్లు చేసింది. తర్వాత ఇంకొకటి.

ఆరయింది. అందరూ హాల్లో పీటల మీద కూర్చున్నారు. పార్వతీపురం దాకా వెళ్లి వచ్చిన చేపల పులుసు మరింత రుచిగా ఉందని గంగులు రెండోసారి వేయించుకుంటున్నాడు. హరిబాబు కంచంలో మెతుకులు కదుపుతూ ఫోను వైపు చూశాడు. "సూరి ఇంకా సెయ్యలేదు. వొద్దని నానే సెప్పీనా?"

"నాను సేసినాను," అంది తులసి, అతని కంచంలో ముక్క వేస్తూ. గొంతు పెంచలేదు. "కొంతన్నాం అని సెప్పినాను."

గంగులు చెయ్యి నోటి దగ్గరే ఆగింది.

"ఆల్లు సెప్పిన రేటుకి కాదు. ఉప్పు తిన్నదంతా బాగు సేయించి ఇవ్వాల. ఆ ఖర్చు ఓనరుదే, మూడో పుస్తకం సేతికొచ్చాకే డబ్బు. ముక్కు మాత్రం మనదే, సిన్నమావ కొట్టినాడు కాబట్టి." ఆమె నారాయణమ్మ కంచంలో అన్నం వడ్డించింది. "హేచరీ తాకట్టెట్టను అత్తా. మన ఒడ్డునున్న మూడు హేచరీలోల్లు కలుస్తన్నారు. పడవకి పాళ్లు ఏసుకున్నట్టే. నాలుగు పాళ్లు. ఎవులి తల్లి రొయ్యలు ఆల్లకి, ఒక్క పూటలో, ఎండ తగలకుండా."

"తల్లి రొయ్యలా?" అన్నాడు హరిబాబు. "ఆ తెల్ల సీట్లలోనా?"

"సీట్లు పీకించెస్తన్నాను బావా."

గోడ మీది కేలండరు ఫ్యాను గాలికి అటూ ఇటూ ఊగింది. ఎదురుగా కనబడుతున్న ఎనిమిది పేర్లూ గోడ వైపు తిరిగిపోయాయి. హరిబాబు దాన్నీ, పెళ్లాన్నీ మార్చి మార్చి చూశాడు. అతని పెదాల చివర మొదట ఏడుపులా మొదలైనది, తీరా పైకి వచ్చేసరికి నవ్వయింది.

"అన్నీ పీకించెస్తావేటే?" అని అడిగింది నారాయణమ్మ. ఆమె పేరు ఆ జాబితాలో రెండోది.

"రెండుంచుతాను అత్తా," అంది తులసి, పులుసు గిన్నె మీద మూత పెడుతూ. "ఒకటి నాది. రెండోది ఎవులిదో ఇంకా అనుకోలేదు."